అయిదు రోజుల రహదారి, మూడేండ్ల అడవి

వర్షాకాలంలో మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గుగనుల దగ్గర నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. బొగ్గు మోసే లారీ బాట తప్పి మెత్తని మన్నులో దిగితే చక్రాలు గిర్రున తిరుగుతవి గాని బండి ముందుకు కదలదు. దానికంటె బరువైన బుల్‌డోజరు మాత్రం అదే మన్నుమీద మెల్లగా నడచిపోతుంది. లారీకి ఉన్నవి చక్రాలు. బుల్‌డోజరుకు ఉన్నవి ఉక్కుపట్టాలు. భేదమంతా అక్కడ ఉన్నది.

ఇట్టి ఉక్కుపట్టాలమీద నడిచే మరొక యంత్రమే యుద్ధటాంకు. దాని పేరు వినగానే మనకు ఎడారి గుర్తుకు వస్తుంది. ఈజిప్టులోని అల్ అలమీన్ (1942), మన రాజస్థాన్‌లోని లోంగేవాలా (1971) అట్టి ఎడారి యుద్ధస్థలాలు. అయితే టాంకులు మన తెలుగునేలమీద కూడ ఒకసారి యుద్ధానికి నడచినవి. 1948 సెప్టెంబరు 13వ తేది తెల్లవారుజామున అవి హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటినవి. 17వ తేది సాయంకాలానికి నిజాము యుద్ధవిరమణ ప్రకటించాడు. అంతా అయిదు రోజుల పని.

కాని అదే సంస్థానంలో, మణుగూరు, పాల్వంచ, ఇల్లెందు ప్రాంతాల అడవులలో, అదే ప్రభుత్వబలగాలకు మూడేండ్లు గడచినను పని ముగియలేదు. రహదారిమీద అయిదు రోజులు, అడవిలో మూడేండ్లు. ఈ తేడా ఎందువల్ల వచ్చినది? దీనికి జవాబు కొంత యంత్రంలో, కొంత నేలలో, కొంత మనుష్యులలో ఉన్నది. ఆ మూడింటిని వరుసగా పరిశీలిద్దాం.

సంస్థానం, తగాదా

1947లో ఆంగ్లేయులు దేశాన్ని విడిచి వెళ్లేనాటికి హైదరాబాదు మన దేశంలోని సంస్థానాలలో జనసంఖ్యనుబట్టి అన్నిటికంటె పెద్దది. దాని వైశాల్యం సుమారు 2 లక్షల 14 వేల చదరపు కిలోమీటర్లు. 1941 లెక్కల ప్రకారం జనాభా కోటి అరువది లక్షలకు పైన. ప్రజలలో తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు, ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు. మణుగూరు నాడు సంస్థానంలోనిది. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం, నూగూరు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రానికి చెందిన తూర్పుగోదావరి జిల్లాలోనివి. అనగా ఇక్కడ నదియే సరిహద్దు.

నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారతదేశంలో చేరక స్వతంత్రంగా ఉండదలచాడు. 1947 నవంబరులో ఉభయులకు ఒక యథాతథ ఒడంబడిక కుదిరినది. అది నిలువలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు గ్రామాలమీద దౌర్జన్యాలు చేయసాగారు. దానికి ముందే, 1946 నుండి, తెలంగాణా జిల్లాలలో దొరల వెట్టికి, భూమి కబ్జాలకు ఎదురుతిరిగి రైతులు కమ్యూనిస్టుల నాయకత్వాన సాయుధులై ఉన్నారు. ఈ రెండు మంటల నడుమ 1948 సెప్టెంబరులో భారత ప్రభుత్వం సైన్యాన్ని పంపినది.

ప్రభుత్వం దీనికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. సైన్యం పెట్టుకొన్న పేరు 'ఆపరేషన్ పోలో'. కొందరు రచయితలు 'ఆపరేషన్ కాటర్‌పిల్లర్' అని కూడ వ్రాశారు; కాటర్‌పిల్లర్ అనగా గొంగళిపురుగు. పేరు ఏదైనను ఇందులో అంతర్యుద్ధపు పోలిక కొంత ఉన్నది. ఏడేండ్ల క్రిందట, 1941లో, మలయాలో జపానువారితో పోరాడిన ఒకటవ హైదరాబాదు పదాతిదళమే ఇప్పుడు నల్దుర్గు దగ్గర భారతసైన్యానికి ఎదురు నిలిచినది. నిన్నటిదాక ఒకే జెండాక్రింద, ఒకే కవాతు నేర్చుకొన్న సిపాయిలు ఇరువైపుల ఉన్నారు.

ఉక్కుపట్టాల గణితం

టాంకు పట్టా మొదట యుద్ధానికి పుట్టినది కాదు, సేద్యానికి పుట్టినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో మెత్తని లంకభూములలో ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోవుచుండగా, హోల్ట్ అనే యంత్రనిర్మాత 1904లో చక్రాలకు బదులు పట్టాలు అమర్చి చూచాడు. గొంగళిపురుగువలె ప్రాకుతుంది గనుక దానికి కాటర్‌పిల్లర్ అనే పేరు వచ్చినది. పండ్రెండేండ్ల తరువాత, 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఆంగ్లేయులు మొదటిసారిగా టాంకులను నడిపించారు.

పట్టా చేసే పని బరువును తగ్గించటం కాదు, పంచటం. 1948లో మన సైన్యం వాడిన పెద్ద టాంకు షెర్మన్. దాని బరువు సుమారు 30 టన్నులు. దాని పట్టా ఒక్కొక్కటి దాదాపు 42 సెంటీమీటర్ల వెడల్పున, 370 సెంటీమీటర్ల పొడవున నేలకు ఆనుతుంది. రెండు పట్టాల వైశాల్యం సుమారు 31 వేల చదరపు సెంటీమీటర్లు. 30 వేల కిలోగ్రాములను దీనితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు వచ్చేది దాదాపు ఒక కిలోగ్రాము మాత్రమే.

ఇప్పుడు ఒక ఎద్దును తీసుకొందాం. దాని బరువు 400 కిలోగ్రాములు అనుకొందాం. ఒక్కొక్క డెక్క సుమారు నూరు చదరపు సెంటీమీటర్లయితే నాలుగు డెక్కలకు నాలుగు నూర్లు. ఇక్కడ కూడ చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రామే వచ్చినది. అనగా 30 టన్నుల టాంకు నేలను ఎంత గట్టిగా నొక్కుతుందో, రైతుగారి ఎద్దు కూడ ఇంచుమించు అంతే గట్టిగా నొక్కుతుంది. సైనికుల లారీ టైరు క్రింద ఈ ఒత్తిడి మూడునాలుగింతలు ఉంటుంది.

ఈ లెక్కనుండి రెండు ఫలితాలు వస్తవి. మొదటిది: వానాకాలంలో ఎద్దు మోకాటిలోతు దిగబడే నల్లరేగడి చేనులో టాంకు కూడ కష్టపడవలసినదే, దాని వెనుక వచ్చే లారీ ఎంతమాత్రం రాలేదు. రెండవది: నేల చూచేది చదరపు సెంటీమీటరుమీది ఒత్తిడిని, వంతెన చూచేది మొత్తం బరువును. ముప్పది టన్నులు ఎంత వెడల్పుగా పరచినను వంతెన స్తంభాలకు అవి ముప్పది టన్నులే.

ఇక ఆహారం సంగతి. షెర్మన్ టాంకులో ఒకసారి పెట్రోలు నింపితే రహదారిమీద సుమారు 160 నుండి 190 కిలోమీటర్లు నడుస్తుంది. షోలాపూరు నుండి సికింద్రాబాదుకు దూరం 300 కిలోమీటర్లు. కావున పెట్రోలు లారీలు వెంట రాకపోతే టాంకు దారిలోనే నిలిచిపోతుంది. టాంకుకు రహదారి అక్కరలేకపోవచ్చును. కాని టాంకుకు లారీ కావలె. లారీకి రహదారి కావలె. రహదారికి వంతెన కావలె.

నల్దుర్గు వంతెన

భారతసైన్యపు ప్రధానదండు పడమటనుండి, షోలాపూరు దారిన వచ్చినది. దానికి సేనాని మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి. ఆయన రెండవ ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలోను, బర్మాలోను పనిచేసినవాడు. షోలాపూరుకు తూర్పున ఉన్న భూమి దక్కను బసాల్టు రాతినుండి పుట్టిన నల్లరేగడి. అందులోని బంకమన్నుకు తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకొని బీటలువారే గుణం ఉన్నది. సెప్టెంబరులో నైరృతి ఋతుపవనం ఇంకను వెళ్లలేదు. కాబట్టి రహదారి దిగి చేలమీదుగా పోవటం కుదిరే పని కాదు.

ఈ రహదారిమీద నల్దుర్గు కోట దగ్గర బోరీ నదికి ఒక వంతెన ఉన్నది. దానిని పేల్చివేసే పని ఒక ఆంగ్లేయునికి అప్పగించబడినది. అతడు ఆ పని చేయకమునుపే పట్టుబడ్డాడు. ఏడవ బ్రిగేడు చీకటిలో వేగంగా వచ్చి వంతెనను చెక్కుచెదరకుండ స్వాధీనం చేసుకొన్నది. రెండవ సిక్కు పదాతిదళం కోటదగ్గరి స్థావరాలను పట్టుకొన్నది. ఉదయం 9 గంటలకు కవచదళం జల్కోటు చేరినది. మధ్యాహ్నం మూడుంబావుకు ఎల్లకు 61 కిలోమీటర్లు లోపల ఉన్న ఉమర్గా చేరినది.

వంతెన లేనిచోట ఏమి జరిగినదో కూడ ఆనాడే తెలిసినది. ఉత్తరాన తుల్జాపూరును పట్టుకొన్న మరొక దండు లోహారావైపు సాగబోగా, దారిలోని నది పొంగి ఉండుటచేత ఆగిపోవలసి వచ్చినది. అదే సైన్యం, అదే దినం, అదే వాన. ఒకచోట వంతెన దొరికినది, వేరొకచోట దొరకలేదు. అంతే భేదం.

తరువాతి దినాలలో దారిప్రక్కన పొంచివున్న స్థావరాలమీద టెంపెస్టు విమానాలు బాంబులు వేసి దండుకు మార్గం చేసినవి. నాలుగవ దినాన జహీరాబాదు దారిలో పాతిపెట్టిన మందుపాతరలను తీసివేయటానికి కొంత ఆలస్యమైనది. అయిదవ దినం తెల్లవారుజామున సేనలు బీదరు ప్రవేశించినవి.

సూర్యాపేట దారి

తూర్పుననుండి మరొక దండు మేజర్ జనరల్ ఎ. ఎ. రుద్ర నాయకత్వాన బెజవాడ దారిని పట్టినది. నేడు విజయవాడనుండి హైదరాబాదుకు బస్సులో పోయేవారు చూచే దారియే ఇది. నిజాము పక్షాన ఇక్కడ ఉన్నవి హంబర్, స్టాగ్‌హౌండ్ అనే కవచపు కార్లు. అనగా చక్రాలమీద నడిచే యుద్ధశకటాలు. ఉదయం ఎనిమిదిన్నరకు దండు కోదాడ చేరినది, మధ్యాహ్నానికి మునగాల చేరినది. మునగాల పరగణా చుట్టూ నిజాము రాజ్యమే అయినను అది మాత్రం నాడు కృష్ణాజిల్లాలోని భాగం. సముద్రంలో ద్వీపం వంటిది.

రెండవ దినం సూర్యాపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో సేనకు అడ్డు తగిలినది. ముందుగా టాంకులను ఆపటానికి త్రవ్విన కందకం. ఆపైన గుట్టలమీదినుండి తుపాకుల కాల్పులు. ఇది పడమటివలె బసాల్టు భూమి కాదు. చెలకనేల, మధ్యమధ్య నల్లని గ్రానైటు గుట్టలు. ఇట్టి గుట్టమీద దాగిన మనిషిని టాంకు తొలగించలేదు. కాలినడకన ఎక్కే సిపాయి కావలె. బర్మాయుద్ధంలో ఆరితేరిన గూర్ఖా దళం ఆ పని చేసినది.

మూడవ దినం వెనుకకు పోతున్న నిజాము సేన మూసీ వంతెనను పడగొట్టినది. తలపోసినంతవరకు మంచి ఉపాయమే. కాని పడగొట్టిన వంతెనకు కాపలాగా తుపాకులు నిలుపలేదు. భారతసేనలోని ఇంజనీర్లు నిరాటంకంగా దానిని బాగుచేసుకొన్నారు. కంచె వేసి కాపలా మరచిన చేనువలె అయినది. అయిదవ దినానికి ఈ దండు హైదరాబాదుకు సుమారు 60 కిలోమీటర్ల దూరాన చిట్యాలలో ఉన్నది.

సెప్టెంబరు 17 సాయంకాలం అయిదు గంటలకు నిజాము యుద్ధవిరమణ ప్రకటించాడు. మరునాడు సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురి ఎదుట లొంగిపోయాడు.

గెలుపు ఖరీదు

ఈ అయిదు రోజుల చర్యలో టాంకు టాంకుతో తలపడి జరిగిన మహాయుద్ధం లేదు. నిజాము క్రమసేన సుమారు 22 వేలు. దానికి చాలినన్ని ఆయుధాలు లేవు. రజాకార్ల సంఖ్య రెండు లక్షలని చెప్పుకొన్నను వారిలో ఎక్కువమందివి నాటు తుపాకులు, కత్తులు. భారతసైన్యం సుమారు 35 వేలు. దాని మృతులు నూరు దాటలేదు. కావున దీనిని యంత్రబలపు విజయమని సులభంగా అనుకొంటారు.

అయితే లెక్క ఇక్కడితో ముగియదు. సేనలు గడచిపోయిన తరువాత వెనుక గ్రామాలలో ప్రతీకారహత్యలు, దోపిడీలు జరిగినవి. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మొదలయిన సభ్యుల బృందం 1948 చివరలో సంస్థానంలో తిరిగినది. చర్య సమయంలోను, తరువాతను మరణించినవారు 27 వేలకు తక్కువ ఉండరనీ, 40 వేలవరకు ఉండవచ్చుననీ ఆ బృందం అంచనా వేసినది. మిక్కిలి నష్టపడిన జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు అని పేర్కొన్నది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లిములు. ఈ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. 2013లో ప్రజలకు అందుబాటులోకి వచ్చినది.

మ్యాపుమీద చూస్తే ఉస్మానాబాదు, బీదరు జిల్లాలు టాంకులు వేగంగా గడచిపోయిన దారిలోనివే. రజాకార్ల దౌర్జన్యం నిజం. ఈ ప్రతీకారమూ నిజం. టాంకు ఒక రాజ్యాన్ని అయిదు రోజులలో లొంగదీయగలదు. తాను గడచిన దారిలోని ఊళ్లకు కాపలా ఉండలేదు. ఆ పనికి మనుష్యులు కావలె, చట్టం కావలె.

టాంకు పోలేని చోటు

ఇక మణుగూరు అడవికి వద్దాం. నిజాము లొంగిపోయిన తరువాత తెలంగాణా రైతుల సాయుధపోరాటం ఆగలేదు. దొరలు తిరిగి గ్రామాలకు వచ్చి పంచిన భూములు తీసుకోజూచారు. ప్రభుత్వబలగాలు మైదానపు గ్రామాలలో దిగగానే గెరిల్లా దళాలు గోదావరి ఒడ్డు అడవులకు తరలినవి. పాల్వంచ, ఇల్లెందు, మణుగూరు, ములుగు ప్రాంతాలు వారికి ఆశ్రయమైనవి.

ఇక్కడి నేల వేరు. బొగ్గుపొరలకు తోడుగా ఉండే గోండ్వానా ఇసుకరాయి, దానిమీద టేకు, వెదురు, మద్ది చెట్లు, అడుగడుగున వాగులు. చెట్ల నడుమ పది గజాల దూరం కనబడని చోట టాంకు ఫిరంగి దేనిని కొట్టగలదు? వంతెన లేని వాగును పెట్రోలు లారీ ఎట్లా దాటగలదు? నల్దుర్గులో లెక్కకు వచ్చిన ప్రతి గుణం ఇక్కడ లెక్కకు రాకుండ పోయినది. వేగం పోయినది, బరువు భారమైనది. పట్టుకొనవలసిన రాజధాని లేదు. లొంగిపోవలసిన నిజాము లేడు. కాలినడకన వచ్చే పోలీసు, సైనికుడు, వారికి దారి తెలిసిన గెరిల్లా మాత్రమే మిగిలారు.

అప్పుడు యంత్రానికి బదులు వేరొక ఉపాయం పన్నబడినది. అడవిలోని కోయగూడేలను ఖాళీచేయించి, ప్రజలను పెద్ద ఊళ్లవద్దకు చేర్చి కాపలా పెట్టారు. గెరిల్లాలకు అన్నం, కబురు అందకుండ చేయటం దీని ఉద్దేశం. ఆ కాలంలోనే మలయాలో ఆంగ్లేయులు ఇట్టి పద్ధతినే అమలు జరిపారు. పోడు వదలి, అలవాటైన నీరు, గాలి వదలి గుంపుగా ఉండవలసి వచ్చిన కోయలు రోగాలపాలై చాలామంది మరణించారని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో వ్రాశాడు. ఆయన ఆ పోరాటపు నాయకులలో ఒకడు గనుక ఆయన సాక్ష్యం ఒక పక్షపు సాక్ష్యమే. అయినను ఆ గూడేలవారి కష్టాన్ని అంత వివరంగా వ్రాసిపెట్టిన గ్రంథాలు అరుదు.

పోరాటం 1951 అక్టోబరులో విరమించబడినది. నిర్బంధమొక్కటే దీనికి కారణం కాదు. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారులకు రక్షణ ఇచ్చే చట్టం వచ్చినది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం మొదలయినది. పోరాడుతున్న పక్షంలోనే దానిని కొనసాగించుటనుగూర్చి భేదాభిప్రాయాలు వచ్చినవి. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిని పార్లమెంటుకు గొప్ప ఆధిక్యతతో పంపారు. మూడేండ్లు తుపాకీతో తేలని తగాదాలో ఒక భాగం చట్టంవైపు, ఓట్లపెట్టెవైపు తిరిగినది. అంతా తేలినదని చెప్పలేము. అడవిభూమి ఎవరిది అనే ప్రశ్న ఆ తరువాత కూడ మిగిలినది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ 1970లో మరింత కఠినమైన రెగ్యులేషను చేయవలసివచ్చుటే దీనికి నిదర్శనం.

ఎడారికి, చేనుకు ఒకటే పాఠం

నేలను లెక్కచేయనివారికి టాంకు ఏమి మిగులుస్తుందో తరువాతి చరిత్ర కూడ చూపినది. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర మనవారు చేలకు నీరు వదలగా, పాకిస్తాను పాటన్ టాంకులు ఆ బురదలో చిక్కి పెద్దసంఖ్యలో నాశనమైనవి. అప్పటి మన సైన్యాధిపతి జె. ఎన్. చౌధురియే. పదిహేడేండ్ల క్రిందట రేగడినేల నడుమ రహదారి పట్టి వచ్చిన సేనాని ఆయన. 1971 డిసెంబరులో లోంగేవాలా దగ్గర ఎడారి ఇసుకలో పాకిస్తాను టాంకులు, లారీలు దిగబడినవి. ఒక చిన్న పదాతిదళం రాత్రంతా వాటిని నిలువరించగా, తెల్లవారగానే మన హంటర్ విమానాలు వాటిని ఒక్కొక్కటిగా కొట్టినవి. చేనులోని నీరు, ఎడారిలోని ఇసుక, అడవిలోని వాగు వేరువేరుగా కనబడినను చేసిన పని ఒక్కటే.

సెప్టెంబరు 17ను కొందరు విమోచనమంటారు, కొందరు విలీనమంటారు, మరికొందరు విద్రోహమంటారు. ఆ చర్చ ఏటేటా జరుగుతూనే ఉన్నది. పాఠశాలలో ఉపాధ్యాయులు దానికి ముందుగా ఒక పని చేయించవచ్చును. విద్యార్థులచేత పాత హైదరాబాదు సంస్థానపు మ్యాపు గీయించి, బోరీ, మూసీ, గోదావరి నదులను గుర్తింపజేయాలి. రేగడినేల ఒక రంగుతో, చెలకనేల మరొక రంగుతో, అడవి ఇంకొక రంగుతో నింపించాలి. ఎద్దు డెక్క లెక్కను, టాంకు పట్టా లెక్కను ప్రక్కప్రక్కన వేయించాలి. ఆపైన అయిదు దినాల మజిలీలను ఒక గీతతో కలిపితే ఆ గీత రేగడిని, చెలకను దాటి రాజధానివైపు సాగిపోతుంది. మణుగూరు అడవిని మాత్రం ఎక్కడా తాకదు. ఆ గీత తాకని చోటనే మరి మూడేండ్ల చరిత్ర జరిగినది.